షాక్ కొడితే నవ్వొద్దు

తోటి మిత్రులకు, వార్డెన్ సార్‌కి,

మొన్న పొద్దున నీళ్ళ మోటారు స్విచ్చి వేయబోయి ఆరో తరగతి తమ్ముడొకడు "అమ్మో!" అని ఎగిరి పడ్డాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. "నాకైతే ఎన్నిసార్లు కొట్టిందో, ఏం కాలేదు" అని మా పదో తరగతి వాళ్ళు కొందరు గొప్పలు చెప్పారు. అది ధైర్యం కాదు, అదృష్టం అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

సైన్సులో ఓమ్ నియమం చదువుకున్నాం కదా. మనకొచ్చే కరెంటు 230 వోల్టులు. చర్మం పొడిగా ఉంటే కరెంటును చాలావరకు అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు తగ్గిపోయి, శరీర నిరోధం సుమారు 1000 ఓమ్‌లకు దిగవచ్చు. 230ని 1000తో భాగించి చూడండి. 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. పాత 60 వాట్ల బల్బు వెలగడానికి ఇంచుమించు ఇంతే కావాలి.

మరి ఒంట్లో ఏమవుతుంది? 1 మిల్లీ ఆంపియరుకు జిల్లుమంటుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, వదలాలన్నా వదలలేం. "కరెంటు పట్టేసింది" అంటామే, అది ఇదే. ఇంకా పెరిగితే ఛాతీ కండరాలు బిగిసి ఊపిరాడదు. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా పోతే గుండె సరిగా కొట్టుకోక వణకవచ్చు. అప్పుడు మెదడుకు రక్తం అందదు. కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. పైకి చిన్న మచ్చే కనబడినా లోపల కండ కాలి ఉండొచ్చు.

అందుకే తడి చేతుల్తో స్విచ్చి ముట్టుకోవద్దు. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే వాళ్ళను ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. మట్టిలో కప్పెడితే కరెంటు దిగిపోతుందని ఊళ్ళల్లో అంటారు. ఒంట్లో కరెంటు నిలవుండదు, టైమే పోతుంది. ఊపిరి లేకపోతే ఒకరు ఛాతీ నొక్కుతుండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

కానీ సార్, తప్పంతా పిల్లలదే అంటే న్యాయం కాదు. నీళ్ళ దగ్గర ఎవరి చేతులైనా తడిగానే ఉంటాయి. ఆ స్విచ్చిని పొడిచోటికి మార్పించండి. ఎర్తింగ్ చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌.సి.సి.బి. పెట్టించండి.

ఆ తమ్ముడు "అమ్మో" అన్నాడు కాబట్టి మనకు తెలిసింది. రెండోసారి ఆ మాట అనడానికి కూడా వీలుండకపోవచ్చు.

ఇట్లు,
ఒక పదో తరగతి విద్యార్థి