సెల్‌ఫోనులో వైద్యుడు: ఎంతవరకు నమ్మాలి?

జుమా నమాజు ముగిసి మసీదు మెట్లు దిగే పెద్దల మాటలు వింటే ఒక మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు "ఏ డాక్టరు దగ్గర చూపించుకుంటున్నావు?" అని పరామర్శించేవారు. ఇప్పుడు "ఆ వీడియో చూశావా?" అని అడుగుతున్నారు. మెంతుల నీళ్ళతో షుగరు పోతుందని ఒకరు, కాకర రసం తాగితే బిళ్ళలు మానేయవచ్చని మరొకరు. బి.పి. బిళ్ళలు మొదలుపెడితే జీవితాంతం బానిసలవుతామని ఇంకొకరు. చెప్పినవారెవరో, వారు చదివినదేమిటో ఎవరికీ తెలియదు. అయినా ఆ మాట మీద ఇంటి పెద్ద మందు మానేస్తున్నాడు.

అలాగని సెల్‌ఫోనునే తప్పుపట్టడం న్యాయం కాదు. చీరాల పక్కన సముద్రపు ఒడ్డునున్న వాడరేవునే తీసుకుందాం. నిపుణుడైన వైద్యుణ్ణి చూడాలంటే చీరాల వెళ్ళాలి, అక్కడ కాకుంటే గుంటూరు ప్రయాణం కట్టాలి. వేటకు వెళ్ళేవారికైనా, చీరాల నేతపేటల్లో మగ్గం మీద కూర్చునేవారికైనా, మిర్చి కోతకు పోయేవారికైనా అది ఒక రోజు కూలి పోయినట్టే. వెంట వచ్చిన కొడుకు కూలీ పోతుంది. షుగరు, బి.పి. ఒక్కసారి చూపించుకుంటే తీరేవి కావు. నెలనెలా చూపించుకోవలసినవి. కాబట్టి ఇంటి నుంచి వైద్యుడితో మాట్లాడగలగడం పేదవాడికి విలాసం కాదు, అవసరం.

ఈ దారిలో మన రాష్ట్రం అందరికంటే ముందే నడిచింది. చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో గ్రామీణ ఆస్పత్రిలో ఉపగ్రహం ద్వారా వైద్య సలహాలందించే కేంద్రాన్ని 2000 మార్చి 24న నాటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. 2007లో 104 నెంబరుకు ఫోను చేస్తే ఆరోగ్య సలహా చెప్పే సేవ మొదలైంది. కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని 2019 నవంబరులో మొదట అమలైనది ఆంధ్రప్రదేశ్‌లోనే. గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని ఎదుట కూర్చోబెట్టి, తెర మీద వైద్యుడితో మాట్లాడించే పద్ధతి ఇది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతటా ఈ సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అప్పటికి రాష్ట్రాలన్నింటిలోనూ మనదే మొదటి స్థానం.

సంతోషించదగిన విషయమే. కానీ ఈ అంకె ఒక ప్రశ్నకు జవాబు చెప్పదు. మాట్లాడినవారిలో ఎందరి షుగరు అదుపులోకి వచ్చింది? భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023 జూన్‌లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. ఇంతటి సమస్యను కాల్స్ సంఖ్యతో కొలవడం తగదని మా అభిప్రాయం. పాత చీటీ చూసి అవే బిళ్ళలు మళ్ళీ రాసినా అది ఒక సంప్రదింపు కిందికే వస్తుంది. ఫలితాన్ని కొలవాలంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎందరికి జరిగింది, ఎందరికి తగ్గింది అని లెక్క తీయాలి.

ఇక ఫోను ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. షుగరు అంకె, బి.పి. అంకె ఫోనులో చెప్పవచ్చు. రిపోర్టు ఫొటో పంపవచ్చు. పడని మందు గురించి అడగవచ్చు. కానీ షుగరు రోగి పాదంలో స్పర్శ ఉందో లేదో ఫోను చెప్పలేదు. ఎండకు కాలిన ఇసుకలో చెప్పులు లేకుండా నడిచే మనిషికి స్పర్శ పోతే, కాలు బొబ్బలెక్కినా తెలియదు. తెలిసేసరికి పుండు ముదురుతుంది. అదే విధంగా కంటి వెనుక పొర దెబ్బతిన్నదీ లేనిదీ, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నదీ లేనిదీ పరీక్షతోనే తేలుతుంది. ఈ మూడూ ఏడాదికి ఒక్కసారైనా చేయించాలి. బిళ్ళలు మానినవారికి కొన్నాళ్ళు ఏ బాధా ఉండదు. మోసమంతా అక్కడే ఉంది. నొప్పి లేదని మనం సంతోషిస్తుంటే లోపల మూత్రపిండాలు దెబ్బతింటుంటాయి.

ఫోను వైద్యానికి నియమాలు లేకపోలేదు. 2020 మార్చి 25న విడుదలైన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సలహా ఇచ్చే వైద్యుడు రిజిస్టరైనవాడై ఉండాలి, తన పేరు, అర్హత చెప్పాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలి. పేరు చెప్పని రోగికి, పేరు చెప్పని వైద్యుడికి ఇందులో చోటు లేదు. ఫోనులో తేలదనుకుంటే స్వయంగా రమ్మని చెప్పే అధికారం వైద్యుడికి ఉంది. యంత్రం తనంతట తాను రోగికి సలహా ఇవ్వడాన్ని, మందు రాయడాన్ని ఆ మార్గదర్శకాలు అనుమతించలేదు. కృత్రిమ మేధను అడిగి బిళ్ళల మోతాదు మార్చుకుంటున్న మన యువకులు ఈ సంగతి గమనించాలి.

ఇంట్లో జరిగే మరొక పొరపాటు ఉంది. అమ్మీకి ఒంట్లో బాగుండకపోతే కొడుకు బజారులో నిలబడి డాక్టరుతో మాట్లాడతాడు. "మందులు సరిగా వేసుకుంటున్నారా?" అంటే "వేసుకుంటున్నారు" అనేస్తాడు. ఆమె రెండు పూటల బిళ్ళను ఒక పూటకు తగ్గించిన సంగతి అతనికి తెలియదు. ఎండుచేప, ఊరగాయ లేనిదే ముద్ద దిగదన్న సంగతి చెప్పడు. ఉప్పు తగ్గకుండా బి.పి. ఎలా తగ్గుతుంది? ఫోను ఆమె చేతికివ్వాలి. ఆమెను మాట్లాడనివ్వాలి.

రంజాన్ విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. షుగరు ఉన్నవారు నెల మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుణ్ణి కలవాలని నిపుణులు సూచిస్తున్నారు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి ఉపవాసంలో షుగరును ప్రమాదకరంగా పడగొట్టగలవు. వేళ, మోతాదు వైద్యుడే మార్చాలి. షుగరు 70కి తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలన్నది వైద్యుల మాట. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. రోగికి షరియత్ ఇచ్చిన సడలింపును వాడుకోవడం బలహీనత కాదు.

కనుక ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, షుగరు, బి.పి., వాడుతున్న మందుల పేర్లు రాయండి. బి.పి. చూసే ముందు ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టండి. మొదటిసారి రోగం బయటపడినప్పుడు మనిషిని తీసుకెళ్ళి చూపించండి. తర్వాత ఫోనులో కొనసాగించండి. గుండెనొప్పి వచ్చినా, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పినా ఫోను సలహాల కోసం ఆగకండి. వెంటనే 108 పిలవండి.

ఈ శుక్రవారం ఇంటికి వెళ్ళాక ఒక పని చేద్దాం. పెద్దవారి బిళ్ళల అట్ట తీసి చూద్దాం. ఈ పాటికి ఎన్ని అయిపోవాలి, ఎన్ని మిగిలాయో లెక్కపెడదాం. ఆ తర్వాత వారి పాదాలు చేతిలోకి తీసుకుని పగుళ్ళున్నాయేమో చూద్దాం. ఏ తెర మీదా కనిపించనిది అప్పుడు కనిపిస్తుంది.