పన్ను వేసేవారికి కన్నూ ఉండాలి

పన్ను కట్టకూడదని నేననడం లేదు. మనం తిన్న హాస్టల్ అన్నం ప్రజల పన్నుల్లోంచి వచ్చిందే. సబ్బు కొన్న కూలీ కూడా పన్ను కడుతున్నాడు. కానీ అడిగే తీరులో న్యాయం ఉండాలి.

ఇది అనంతపురానికి కొత్త మాట కాదు. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా ఇక్కడి నుండే పాలించాడు. చేను చేనూ కొలిపించి శిస్తు కట్టించిన ఆయనే, 1807లో దాన్ని నాలుగో వంతు తగ్గించమని పైవారికి రాశాడు. కంపెనీ ప్రభుత్వం అప్పుడు వినలేదు. రైతు సత్తువ చూడకుండా శిస్తు వేయరాదన్న సంగతి మాత్రం మిగిలింది.

మరి నేడు? మన కరువు పల్లెల నుండి ఎందరో బతకబోయిన బెంగళూరునే చూడండి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ, ఫోన్‌లో జమైన డబ్బు లెక్క చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. చాలా దుకాణాల్లో 'నగదు మాత్రమే' అని బోర్డులు వెలిశాయి. విడి పాలకూ, కూరగాయలకూ పన్నే లేదు. అమ్మకమంతా లాభమూ కాదు. నిరసనల తర్వాతే పాత బకాయిలు వసూలు చేయబోమని ప్రభుత్వం చెప్పింది. ముందే దుకాణానికి వెళ్లి అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

నోటీసు పోర్టల్‌లో పెట్టినా అందినట్టేనంటుంది జి.ఎస్.టి. చట్టం 169వ సెక్షన్. ఇంగ్లీషు రాని చిల్లర కొట్టు యజమానికి మాత్రం, తెలుగు కాగితం చేతికొస్తేనే అందినట్టు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామందీ అంతే. ఊళ్లో ఎవరికి నోటీసొచ్చినా చదివి చెబుదాం, గడువులోగా జవాబు రాయిద్దాం. తెలుగులో ఇవ్వమని గట్టిగా అడుగుదాం.