పదిహేనేళ్లు నిండిన కారు: అమ్మాలా? వుంచాలా?

విజయవాడ: 2011లో రిజిస్టరైన సొంత కార్లకు 2026లో పదిహేనేళ్లు నిండుతాయి. బండి చక్కగా నడుస్తున్నా, రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడేసరికి యజమానికి దిగులు పట్టుకుంటోంది. పదిహేనేళ్లు దాటిన కారును రోడ్డు మీదికి రానివ్వరనీ, పట్టుకుని తుక్కు చేస్తారనీ నోటిమాటగా సాగుతున్న ప్రచారమే ఇందుకు కారణం. ఆ భయంతో లక్ష రూపాయలు పలికే బండిని సగానికి తెగనమ్ముకునే వారు కొందరు. ఇంటికి వచ్చిన మొదటి కారు అన్న మమకారంతో, అడుగు రేకు చిల్లులు పడినా వదలలేని వారు మరికొందరు. ఇద్దరూ నష్టపోయేవారే.

నిజానికి మోటారు వాహనాల చట్టంలో సొంత కారుకు పదిహేనేళ్లు ఆయుర్దాయం కాదు, తనిఖీ గడువు మాత్రమే. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి, యోగ్యంగా వుంటే అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవచ్చు. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకునే వీలుంది.

ఢిల్లీ వేరు, బెజవాడ వేరు

ప్రచారానికి మూలం ఢిల్లీలో వుంది. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025 జులైలో అటువంటి బండ్లకు ఢిల్లీ బంకుల్లో పెట్రోలు పోయరాదన్న నిబంధన అమలులోకి వచ్చి, జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులకే ఆగిపోయింది. వయస్సు ఒక్కటే చూసి చర్య తీసుకోరాదని అదే సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఈ రక్షణను డిసెంబరులో బి.ఎస్.4, ఆపై ప్రమాణాలు గల బండ్లకు మాత్రమే పరిమితం చేసింది. ఇదంతా ఢిల్లీ గాలి కాలుష్యానికి సంబంధించిన వ్యవహారం. కృష్ణా తీరాన తిరిగే కారుకు ఆ నిబంధన వర్తించదు.

ప్రచారానికి రెండో ఆధారం ప్రభుత్వ జీపులు, కార్లు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం నిర్ణయించింది. ఆఫీసు జీపు తుక్కుకు పోవడం చూసిన వారు తమ బండికీ అదే గతి అనుకుంటున్నారు. సొంత బండ్లకు 2021 ఆగస్టులో ప్రారంభమైన తుక్కు విధానం స్వచ్ఛందమైనది. బలవంతం లేదు.

అయితే పాత బండిని వుంచుకోవడం మునుపటంత చవక కాదు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రు. 5,000 రుసుము నిర్ణయించారు. ఇరవయ్యేళ్లు దాటితే దానిని రు. 10,000 చేస్తూ 2025 ఆగస్టులో మరో ఉత్తర్వు వెలువడింది. గడువు మరచిపోతే నెలకు రు. 500 చొప్పున అదనం. రాష్ట్ర ప్రభుత్వం వేసే హరిత పన్ను వేరు.

మరమ్మతు లెక్క

ఏటా మరమ్మతులకే వేలకు వేలు పోస్తున్నాం, కొత్తది కొనడమే మేలు అని ఇంట్లో వినిపించే మాట. ఈ మాట ఎల్లప్పుడూ నిజం కాదు. ఉదాహరణకు పాత కారుకు ఏడాదికి రు. 45,000 ఖర్చవుతున్నదనుకుందాం. దాని బదులు 6 లక్షల కొత్త కారు కొంటే, బీమా కంపెనీలు పాటించే తరుగు పట్టిక ప్రకారం ఏడాది దాటేసరికి దాని విలువలో 20 శాతం, అంటే రు. 1,20,000 తగ్గుతుంది. అందులో 5 లక్షలు అప్పు చేసి వుంటే మొదటి సంవత్సరం వడ్డీయే రమారమి 40 వేలు. మొత్తం లక్షా 60 వేలు. చిన్న కార్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరులో 18 శాతానికి తగ్గి ధరలు దిగివచ్చిన మాట నిజమే గాని, ఈ లెక్క తలకిందులయ్యేటంతగా కాదు. కాబట్టి కేవలం డబ్బు కోసమే పాత కారును వదిలేయవలసిన సందర్భాలు తక్కువ.

మరి మార్చవలసిన సమయం ఎప్పుడు? ఖర్చు ఎంత అన్నదానికన్నా, ఖర్చు దేనికి అన్నది చూడాలి. టైర్లు, బ్యాటరీ, క్లచ్చి ప్లేటు, బ్రేకు లైనింగు అరిగి మార్చడం ఏ బండికైనా తప్పదు. ఒకసారి మార్చితే కొన్నేళ్లు చూడనక్కరలేదు. బాగు చేయించిన భాగమే ఆరు నెలలు తిరక్కుండా మళ్లీ మొరాయించడం, ఇంజను నూనె తాగి పొగ కక్కడం, విడిభాగం కోసం ఆటోనగర్‌లో దుకాణం దుకాణం తిరగవలసి రావడం మొదలైతే ఆలోచించాలి. ఒక్క మరమ్మతు ఖర్చే బండి అమ్మకపు ధరను మించితే ఇక తర్కం అనవసరం. బీమా కంపెనీల సూత్రమూ ఇటువంటిదే. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బండి పూర్తిగా నష్టమైనట్టు లెక్క కడతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతంలో మునిగిన వాహనాల యజమానులకు ఈ లెక్క అనుభవమే. అటువంటి బండ్లు మెరుగులు దిద్దుకుని సెకండ్ హ్యాండు మార్కెట్టుకు రావచ్చు గనుక, కొనేవారూ జాగ్రత్త పడాలి.

ప్రాణం లెక్క

డబ్బు లెక్కకు లొంగనిది తుప్పు. బందరు వంటి సముద్ర తీర ప్రాంతాల ఉప్పుగాలికి పై రంగు మెరుస్తూనే వున్నా అడుగు రేకు, సస్పెన్షన్ బిగించే చోట్లు లోలోపల తినేస్తుంది. ఇంజను బోరు చేయించవచ్చు గాని, బరువు మోసే రేకు పుచ్చిపోతే వెల్డింగు అతుకులతో ప్రాణానికి భరోసా వుండదు. బండిని లిఫ్టు ఎక్కించి అడుగుభాగం చూపించకుండా పునరుద్ధరణకు డబ్బు కట్టడం తెలివైన పని కాదు.

మరో సంగతి. డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్, బ్రేకు వేసినపుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఎ.బి.ఎస్. ఏర్పాటు మన దేశంలో అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019లోనే. అంతకు ముందు తక్కువ ధర మోడళ్లు అనేకం ఇవి లేకుండానే అమ్ముడుపోయాయి. ఊళ్లో బజారుకు, బడికి తిరిగే కారుకు ఇది పెద్ద లోపంగా తోచకపోవచ్చు. అదే కారులో పెద్దవాళ్లనూ, పిల్లలనూ ఎక్కించుకుని ప్రతివారం రాత్రిపూట హైదరాబాదు రహదారి మీద ప్రయాణం చేసే కుటుంబం మాత్రం, ఇంజను ఎంత బాగున్నా, మార్పు గురించి ఆలోచించవలసిందే.

కాగితం లెక్క

వదిలించుకోవాలని నిర్ణయించాక అసలు ప్రమాదం మొదలవుతుంది. డబ్బు చేతిలో పడగానే తాళం ఇచ్చేసి, సంతకం చేసిన ఫారాలు బ్రోకరు చేతిలో పెట్టి మరచిపోయేవారు అనేకులు. బండి నాలుగు చేతులు మారినా ఆర్.సి.లో పాత పేరే వుంటుంది. అటువంటి ఒక కేసులో, ప్రమాదం నాటికి రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరు వుంటే వారే యజమాని అనీ, పరిహారానికి వారే బాధ్యులనీ 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండిని రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలన్నది చట్టం. బండి తుక్కయినా 14 రోజుల్లో తెలపవలసిందే.

ఈ బెడద లేని దారి ప్రభుత్వం వద్ద నమోదైన తుక్కు కేంద్రానికి అప్పగించడం. అప్పు బకాయి లేని బండిని అక్కడ ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానితో కొత్త సొంత కారు కొంటే రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ, రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర విధానం వీలు కల్పించింది. సర్టిఫికెట్టును ఇతరులకు బదిలీ చేయనూ వచ్చు. వీధిలోని పాతసామాను వ్యాపారి నాలుగు వేలు ఎక్కువ ఇవ్వవచ్చు గాని, ఈ కాగితం ఇవ్వలేడు.

ఈ వివరాలు తెలియకనే వాహనదారులు ఇటు బ్రోకర్లకు, అటు వదంతులకు లొంగిపోతున్నారు. గడువు ముగియబోయే ప్రతి యజమానికీ నెల ముందుగా సెల్‌ఫోనుకు తెలుగులో సమాచారం పంపడం, దగ్గరలోని నమోదైన తుక్కు కేంద్రం చిరునామాను, వర్తించే రుసుములను రవాణా కార్యాలయాల నోటీసు బోర్డుల మీద రాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సంబంధిత అధికారులు ఆ మాత్రం శ్రద్ధ వహిస్తే, నిక్షేపం లాంటి బండి భయంతో అమ్ముడుపోదు. పుచ్చిన బండి మమకారంతో రోడ్డెక్కదు.