పోయింది అనే ముందు చూసినారా?

మా ఇంట్లో గొడవంటే మామూలుగా నీళ్ల దగ్గరో, చుట్టాల పెళ్లిలో పెట్టుపోతల దగ్గరో మొదలవుతుంది. ఈ ఎండాకాలం మాత్రం గ్రాఫిక్స్ కార్డు దగ్గర మొదలైంది. నెల రోజులు సాగింది. గొడవ తీరిపోయింది గానీ నా కోపం తీరలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గ్రాఫిక్స్ కార్డంటే ఏమిటని అడిగే అక్కలకు ముందు ఒక మాట. కంప్యూటర్లో లెక్కలు చేసేది ప్రాసెసర్ అయితే, తెర మీద బొమ్మలు గీసేది ఈ కార్డు. దానికి సొంత మెమరీ, సొంత ఫ్యాన్లు, కరెంటుకు విడిగా ఒక తీగ ఉంటాయి. మా చిన్నోడిది ఆర్‌టీఎక్స్ 3060. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అందులో పదివేలు నా చీటీ డబ్బు. వాడు డిప్లొమా చదువుతున్నాడు. ఆటలు ఆడతాడు, కాదనను. కానీ అదే కంప్యూటర్ మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఫోటో స్టూడియోకి ఇస్తాడు. పోయినేడు వాడి పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే కట్టుకున్నాడు.

ఏప్రిల్లో అది మొరాయించడం మొదలుపెట్టింది. పాటలు వింటే బాగుంటుంది, టైపు చేస్తే బాగుంటుంది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకో, వీడియో తయారవుతున్నప్పుడో తెర నల్లబడిపోతుంది. కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. ఒక పెళ్లివాళ్ల వీడియో మూడుసార్లు సగంలోనే పోయింది.

ఇక తీర్పులు వినండి. "గేములు ఆడి ఆడి దాని ప్రాణం తీసినాడు. నువ్వే గారాబం చేసి చెడగొట్టినావు" అని మా ఆయన. "మైనింగ్ చేసిన కార్డు మేడం, కాలిపోయింటాది. కొత్తది ఏసుకోండి, ఇరవై ఆరు వేలు" అని అంగడి అతను, పెట్టె మూత కూడా తీయకుండా. "చదువుకునే పిల్లోనికి అది కొనిచ్చేదే తప్పు" అని మా అత్త. ముగ్గురి మాటా ఒకటే: కార్డు పోయింది. ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. నేనేదో అడగబోతే "నీకెందుకు ఇవన్నీ?" అన్నారు.

నాకెందుకో చెప్తాను. నేను చదివింది బి.ఏ. తెలుగు. క్లాసులో పద్యం ఇచ్చి గణవిభజన చేయమనేవారు. పాదం కుదరకపోతే పద్యమే తప్పని చెప్పి చేతులు దులుపుకునే వీలు లేదు. ఒక్కో అక్షరానికి గురువో లఘువో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఎక్కడ గణం తప్పిందో వేలు పెట్టి చూపించాలి. చాలాసార్లు పద్యం సరిగ్గానే ఉండేది. మేమే రాసుకునేటప్పుడు ఒక ఒత్తో దీర్ఘమో వదిలేసి ఉండేవాళ్లం.

వంటింట్లోనూ ఇదే పద్ధతి కదా. మిక్సీ తిరగకపోతే ముందు ప్లగ్గు చూస్తాం, తర్వాత స్విచ్చి, తర్వాత జార్ సరిగ్గా కూర్చుందా అని, తర్వాత అడుగున ఉండే ఎర్ర బటన్. మోటారు పోయింది అనేది మనం అనే చివరి మాట, మొదటి మాట కాదు. రోజూ చేస్తున్న ఈ పనిని మన తెలివి కింద ఎవరూ జమ కట్టరు. మనమూ కట్టుకోము. అదే నా మొదటి ఫిర్యాదు.

పాల లెక్క రాసే నోటుబుక్కు వెనక పేజీలు తీశాను. "రేయ్, నువ్వు చెయ్యి, నేను రాస్తా. ఒకసారికి ఒక్కటే మార్చు" అన్నాను. ఈ ఒక్క నియమం ముఖ్యం. ఒకేసారి నాలుగు మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

మొదటి రోజు తెరకు వెళ్లే తీగ. అది కార్డుకే పెట్టి ఉందా, పొరపాటున మదర్‌బోర్డుకు పెట్టామా చూశాం. టీవీ దగ్గరి హెచ్‌డీఎంఐ తీగ తెచ్చి మార్చి చూశాం. తేడా లేదు. తర్వాత డ్రైవర్, అంటే కార్డుకూ విండోస్‌కూ మధ్య మాట మోసే సాఫ్ట్‌వేర్. సేఫ్ మోడ్‌లో పాతది పూర్తిగా తీసేసి కొత్తది ఎక్కించాడు. తేడా లేదు.

మూడోది దుమ్ము. మా ఆలూరు గాలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నల్లరేగడి దుమ్ము మూసిన బీరువాలోకి కూడా దూరుతుంది. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, పెట్టె విప్పితే కార్డు రేకుల మధ్య దుమ్ము పరుపులా పేరుకుపోయి ఉంది. బ్లోయర్‌తో ఊదాం. ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి చెడుతుంది. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు, దానివల్ల పుట్టే స్టాటిక్ కరెంటు లోపలి చిప్‌లను దెబ్బతీస్తుంది. కార్డు పట్టి ఉంచే చిన్న మీట నొక్కి బయటికి తీసి, మళ్లీ టక్కుమనేదాకా కూర్చోబెట్టాం. మోత తగ్గింది. తెర మాత్రం మళ్లీ నల్లబడింది.

నాలుగోది వేడి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో కార్డు ఎంత వేడెక్కుతోందో తెర మూలన కనిపించేలా పెట్టుకున్నాం. ఒకసారి 74 డిగ్రీల దగ్గర ఆగింది, ఒకసారి 68 దగ్గరే ఆగింది. ఈ కార్డు తట్టుకునే హద్దు 93 అని కంపెనీవాళ్లే చెప్తారు. కాబట్టి వేడి కాదు. ఇంకో సంగతి. కార్డు మెమరీ చెడితే తెర మీద రంగురంగుల గళ్లు, గీతలు వస్తాయి. కొన్నిసార్లు ఆన్ చేసిన మొదటి క్షణం నుంచే కనిపిస్తాయి. మాకు ఒక్కసారీ అట్లా రాలేదు.

అప్పుడు నా నోటుబుక్కు చదివాను. పద్నాలుగుసార్లు ఆగితే అందులో పదకొండు రాత్రి ఏడుకూ పదికీ మధ్య. తెల్లవారుజామున వాడు పని చేసుకున్న రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు.

సాయంత్రం ఏడింటికి మా వీధిలో కరెంటు ఎట్లుంటుందో నాకు తెలుసు. ఆ వేళ గ్రైండర్ వేస్తే మూలుగుతుంది, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. అందుకే దోసెల పిండి నేను తెల్లవారుజామునే రుబ్బుకుంటాను, ఎన్నో ఏళ్లుగా. ఈ సంగతి మా ఇంట్లో మగవాళ్లకు తెలియదు. వాళ్లు ఎప్పుడూ గ్రైండర్ వేయలేదు కదా!

"కరెంటు తీసుకునే పెట్టె ఏది?" అని వాణ్ని అడిగాను. చూపించాడు. ఎస్‌ఎంపీఎస్ అంటారు. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటర్‌కు కావలసిన 12 వోల్టులుగా, ఇంకా తక్కువగా మార్చి పంచేది అదే. దాని మీద 450 వాట్లని రాసి ఉంది. అది మొదట కంప్యూటర్ కొన్నప్పుడు క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చింది. కార్డు తర్వాత చేర్చాం. ఈ కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. దీనికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని కార్డు కంపెనీ సలహా. నలుగురికి వండే గిన్నెలో పది మందికి వండుతున్నాం. తేలిక పనికి నెట్టుకొచ్చేది. బరువు పడి, పైగా బయట వోల్టేజీ కూడా తగ్గినప్పుడు చేతులెత్తేసేది.

అనుమానం వచ్చింది, ఇంకా రుజువు కాలేదు. నేనూ తీర్పు చెప్పేస్తే ఆ ముగ్గురికీ నాకూ తేడా ఏముంది? కార్డును అది వచ్చిన కవర్‌లోనే పెట్టి, తువ్వాలలో చుట్టి, ఆదోని బస్సెక్కాం. అక్కడ మా తమ్ముడి కొడుక్కి మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న కంప్యూటర్ ఉంది. సాయంత్రం అందులో పెట్టి మూడు గంటలు ఆట ఆడించాం. ఒక్కసారీ ఆగలేదు. కార్డు నిక్షేపంగా ఉంది. నాలుగున్నర వేలు పెట్టి మంచి ఎస్‌ఎంపీఎస్ వేయించాం. రెండు నెలలైంది, మళ్లీ ఆగలేదు.

తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒక్కరూ "పొరపాటు పడినాం" అనలేదు. మా ఆయన "ఏదో అదృష్టం" అన్నారు. పద్నాలుగుసార్లు టైము రాసుకోవడం అదృష్టమట!

నా కోపం ఇక్కడుంది. తెర నల్లబడింది కాబట్టి తెరను నడిపేదే దోషి అనుకున్నారు. కనిపించేదాని మీద నింద వేయడం సులువు. అడుగున, వెనక, ఎవరి కంటా పడకుండా ఉన్న పెట్టె మీదికి ఎవరి చూపూ పోలేదు. ఈ అలవాటు కంప్యూటర్‌తో ఆగుతుందా? పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండకపోతే కోడలిలో లోపమని ఊరంతా అంటుంది. ఆమెకు స్కానింగులు, మందులు, మొక్కులు. మొగుడికి చేయాల్సిన పరీక్ష చాలా తేలిక, ఖర్చూ తక్కువ. దాన్ని అందరికన్నా చివర చేయిస్తారు, లేదా చేయించరు. పిల్లవాడు ఫెయిలైతే తల్లి పెంపకం. కూర రుచి లేకపోతే వండిన చెయ్యి. పరీక్ష చేయకుండా తీర్పు ఇచ్చే ఇంట్లో శిక్ష ఎప్పుడూ ఎదురుగా ఉన్నవాళ్లకే పడుతుంది. ఎదురుగా ఉండేది మనమే.

అంగడి అతని మాటలో నిజమే లేదని నేననను. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుంది. దానికోసం రాత్రింబవళ్లు తిప్పిన కార్డులు పనిలేక సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు గుట్టలుగా వచ్చాయి. వాటిలో అలిసిపోయినవీ ఉంటాయి. కానీ లోకంలో అట్లాంటి కార్డులు ఉన్నాయన్నది ఒక సంగతి, నా కార్డు పోయిందన్నది ఇంకో సంగతి. రెండోదానికి రుజువు కావాలి. అట్లాగే ఆటలు ఆడితే కార్డు చెడుతుందన్న మాట. ఆటలకోసమే చేసిన వస్తువది. దాన్ని చెడగొట్టేది దుమ్ము, వేడి, చెడు కరెంటు.

"ఇంటి చాకిరీ చాలక ఇది కూడా మా నెత్తినేనా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. స్క్రూడ్రైవర్ పట్టుకోమని నేననడం లేదు. మా ఇంట్లో పట్టింది చిన్నోడే. కొన్ని పనులు అసలు ఇంట్లో చేయకూడదు కూడా. ఎస్‌ఎంపీఎస్‌ను ఎప్పుడూ విప్పకండి, ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. చచ్చిన కార్డును ఓవెన్‌లో కాల్చి బతికిస్తామనేవాళ్లు ఉన్నారు. అది తాత్కాలికం, పైగా ఆ పొగ పట్టిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు. పని ఎవరైనా చేయనీ. డబ్బు మనది, పిల్లవాడు మన పిల్లవాడు. ప్రశ్న అడిగే హక్కు మనది.

ఈ హక్కు గురించి ప్రభుత్వాలూ మాట్లాడుతున్నాయి. వస్తువును బాగు చేయించుకునే హక్కు కోసం మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసి, అదే ఏడు డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పుడు వ్యాపార పద్ధతే. కష్టమొస్తే 1915కు ఫోన్ చేయొచ్చు. అయితే "నీకెందుకు" అనే మాటకు తలొంచుకుని వంటింట్లోకి వెళ్లిపోతే ఏ చట్టమూ మన వెనక రాదు.

కాబట్టి ఈసారి అంగట్లో ఎవరైనా "పోయింది" అంటే మూడు మాటలు అడగండి. ఏం చూసి చెప్తున్నారు? వేరే కంప్యూటర్లో పెట్టి చూశారా? పోయిందని కాగితం మీద రాసిస్తారా? మూడో ప్రశ్నకు చాలామంది అప్పుడు పెట్టె విప్పడం మొదలుపెడతారు.

ఇంట్లో ఎవరైనా అదే మాట అంటే, అది కంప్యూటర్ గురించైనా, పిల్లల గురించైనా, మీ గురించైనా, మొదటి ప్రశ్న ఒక్కటి చాలు. ఏం చూసి చెప్తున్నారు?