యహూదీ అన్నది గాలీ కాదు

ఈ మధ్య మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో 'యహూదీ' అన్న మాట గాలీ అయిపోయింది. గాజా పిల్లల జనాజాలు చూస్తే నాకూ కడుపు మండుతుంది. ఆ జుల్మ్ చేస్తున్నది ఇజ్రాయెల్ హుకూమత్. దాని పేరు పెట్టి తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. కౌమ్ మొత్తాన్ని తిట్టడం మాత్రం నాకు మంజూర్ కాదు.

కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ ఉంది. బగ్దాద్ నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడిన యహూదీలు 1881లో పెట్టిన బడి అది. తమ ఆడపిల్లలు మిషనరీ బళ్లకు పోతే దీన్‌కు దూరమైపోతారేమోనని వాళ్ల ఫికర్. మన ఇళ్లలో ఉన్న ఫికరే కదా! తర్వాత వాళ్లు ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఒకప్పుడు వేలల్లో ఉన్న కౌమ్ ఇప్పుడు పదుల్లోకి వచ్చింది. అయినా బడికి తాళం పడలేదు. దర్వాజా అందరికీ తెరిచారు. ఇవాళ అక్కడ చదివే ఆడపిల్లల్లో ఎక్కువ మంది ముసల్మాన్లే. యూనిఫాం బ్యాడ్జి మీద దావూద్ నక్షత్రం పెట్టుకుని బడికి పోతారు. దావూద్ అలైహిస్సలాం మనకూ పైగంబరే. అదే ఊళ్లో మాగెన్ డేవిడ్ సినగాగ్‌ను తరాలుగా కాపాడుతున్నదీ ముస్లింలే. బొంబాయి బైకుల్లాలోని సర్ జేకబ్ ససూన్ స్కూల్లోనూ ఎక్కువగా మన పిల్లలే.

"అట్లాంటి బళ్లో చదివితే ఈమాన్ ఖరాబ్ కాదా?" అంటారు కొందరు. బడి పేరుతోనే ఈమాన్ పోయేదైతే, కాన్వెంట్ సీటు కోసం సిఫారిష్ చిట్టీలు పట్టుకుని ఎందుకు తిరుగుతున్నాం భాయ్? ఒక యహూదీ జనాజా పోతుంటే హుజూర్ (స.అ.స.) లేచి నిలబడ్డారని హదీసుల్లో ఉంది. ఆయన ఉమ్మత్ నోట ఈ మాటలా?

ఎవడో చేసిన పాపానికి కౌమ్ మొత్తాన్ని నిలదీస్తే ఎట్లా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఎక్కడ బాంబు పేలినా, పేరు అడిగి కిరాయి ఇల్లు లేదు పొమ్మనేది మనల్నే కదా. మనకు తగిలిన రాయినే తీసి ఇంకొకరి మీద విసరడం ఇన్సాఫ్ కాదు.

ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్కసారి ఆగండి. పార్క్ స్ట్రీట్ బడిలో లెక్కలు నేర్చుకుంటున్న మన బిడ్డ ఫోన్‌కూ ఆ మెసేజ్ చేరుతుంది. తనకు తాలీమ్ ఇచ్చిన వాళ్లను తన కౌమే తిడుతుంటే ఆ పిల్ల ఏమనుకోవాలి?