తరుగు సరే, మజూరీ ఏదీ?

మనవాళ్ళకి నగ చూపిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఎన్ని గ్రాములు?" అందులో బంగారం లేదని చెబితే రెండో ప్రశ్న: "మరి ఇంత ధరెందుకు?" పారేసిన సామాన్లతో చేసిందని కూడా చెప్పారనుకోండి, ఇక ప్రశ్నలుండవు. ఒక చిరునవ్వు నవ్వి పక్క స్టాలుకి వెళ్ళిపోతారు.

ఆ రెండో ప్రశ్న మీదే నా పేచీ. నగకి ధర అంటే లోహం ధర అని మన బుర్రల్లో స్థిరపడిపోయింది. చేసిన మనిషి పని ఆ లెక్కలో ఎక్కడో చివర, బేరమాడి తగ్గించుకోవాల్సిన పద్దుగా ఉంటుంది. పాత వస్తువులతో, ఒంటరిగా, సొంతంగా నగలు చేసి బతుకుదామనుకునేవాళ్ళని ఇబ్బంది పెట్టేది పోటీ కాదు, యంత్రాలూ కాదు. ఈ లెక్కే.

నాకెందుకీ గొడవ అంటారా? నేను డెట్రాయిట్ శివార్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. పగలంతా కార్ల కంపెనీల సర్వర్లతో కుస్తీ. కానీ మా ఆవిడ నగలు చేస్తుంది. ఎస్టేట్ సేళ్ళలో దొరికే పాత వెండి చెంచాలు, విరిగిన గొలుసులు, కార్ల ఫ్యాక్టరీల్లో రాలిన రంగు పెచ్చులు.. ఇవీ ఆవిడ ముడిసరుకు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి పనిచేసుకునే అనుమతి 2015లో మొదలయింది కదా, ఆ కాగితం చేతికొచ్చాక గరాజులో ఒక బల్ల, ఒక టార్చి పెట్టుకుని మొదలుపెట్టింది. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాదని ముందే చెప్పేస్తున్నాను.

ముందు 'రీసైకిల్డ్' అన్న మాట సంగతి చూద్దాం. మాది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారానికి పెట్టింది పేరని మీకు తెలిసే ఉంటుంది. మా అవ్వ కాసులపేరు మా అత్త పెళ్ళికి నెక్లెస్ అయింది, అందులో మిగిలింది మా అక్కకి కమ్మలయింది. ప్రతి పెళ్ళికీ పాత నగలు మూట కట్టుకుని ఆచారి దగ్గరికి వెళ్ళడం, ఆయన గీటురాయి మీద గీసి చూడటం, మూసలో వేసి వెలిగారం చల్లి కరగబెట్టడం, మావాళ్ళు కళ్ళార్పకుండా కుంపటి దగ్గరే కూర్చోవడం. దీన్ని మేమెవరం పర్యావరణ సేవ అనుకోలేదు. పెళ్ళి ఖర్చు అనుకున్నాం, అంతే.

అందుకే 'మాది వంద శాతం రీసైకిల్డ్ బంగారం, భూమాతని కాపాడుతున్నాం' అని ఏ బ్రాండు అయినా ఊదరగొడితే నాకు నవ్వొస్తుంది. బంగారాన్ని చెత్తబుట్టలో పారేసిన నాథుడు ఎప్పుడైనా ఉన్నాడా? ప్రపంచ బంగారు మండలి లెక్కల ప్రకారం 2024లో గనుల నుంచి 3,600 టన్నుల పైన బంగారం వస్తే, పాత బంగారం కరగబెట్టగా 1,300 టన్నుల పైన వచ్చింది. ధర పెరిగితే పాతది బయటికి వస్తుంది, తగ్గితే బీరువాలోకి వెళుతుంది. మనం పాత బంగారంతో ఉంగరం చేయించుకున్నంత మాత్రాన ఎక్కడో ఒక గని మూతపడదు. గనుల్లో కొత్తగా తవ్వించలేదన్న తృప్తి ఉంటే ఉండొచ్చు, మంచిదే. కానీ దాన్ని పుణ్యంగా అమ్ముకోవడం వేరే సంగతి.

నిజంగా పారేసే వస్తువు నగ అయినప్పుడు మాత్రం ఆ మాటకి అర్థం ఉంది. దీనికి మా డెట్రాయిట్ సరుకే మంచి ఉదాహరణ. ఒకప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీల్లో కార్లకి చేత్తో రంగు స్ప్రే చేసేవాళ్ళు. గురి తప్పిన రంగంతా బాడీలని మోసే ఇనప చట్రాల మీద పడేది. కారుతోపాటు ఆ చట్రం కూడా ఓవెన్లోకి వెళ్ళేది, రంగు కాలి గట్టిపడేది. తర్వాతి కారుకి ఇంకో రంగు, ఇంకో పొర. అలా పేరుకుని పేరుకుని పనికి అడ్డమొచ్చేసరికి పెచ్చులుగా ఊడగొట్టేవాళ్ళు. వాటిని కోసి సానపడితే లోపల అగేటు రాయిలాగా వంకర్లు తిరిగిన రంగుల చారలు! కొందరు కార్మికులు అవి ఇళ్ళకి పట్టుకెళ్ళారు. దీన్నే ఫోర్డైట్ అంటారు, డెట్రాయిట్ అగేట్ అని కూడా అంటారు (పేరులో ఫోర్డు ఉన్నా ఒక్క ఆ కంపెనీదే కాదు). తర్వాత విద్యుదావేశంతో రంగు వేసే పద్ధతులొచ్చి, రంగు వృథాగా పడటం బాగా తగ్గిపోయింది. అంటే పాత ఫోర్డైటు ఇక పెద్దగా పుట్టదు. చెత్త కాస్తా అరుదైన సరుకయింది, దానికి నకిలీలు కూడా వచ్చాయి!

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇష్టమైన ఉదాహరణ: టోక్యో ఒలింపిక్స్ పతకాలు. 2017 నుంచి 2019 దాకా జపాన్ ప్రజల దగ్గర దాదాపు 79,000 టన్నుల పాత ఎలక్ట్రానిక్ సామాన్లు, వాటితో పాటు 62 లక్షల మొబైల్ ఫోన్లు సేకరించి, వాటిలోంచి తీసిన లోహంతోనే సుమారు 5,000 పతకాలు చేశారు. అంత సరుకు నుంచి వచ్చిన బంగారం ఎంతో తెలుసా? 32 కిలోలు. ఆ బంగారం ఊరికే రాలేదు. సేకరించడం, విడగొట్టడం, వేరు చేయడం.. ఇదంతా శ్రమ. ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పోగైన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్తలో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. సరుకు లేక కాదు, పద్ధతిగా పనిచేయడానికి డబ్బు పెట్టేవాళ్ళు చాలక. పద్ధతి లేకుండా చేస్తే ఏమవుతుందో చైనాలో గుయ్యూ, ఢిల్లీలో సీలంపూర్ చూపించాయి. బోర్డులు కాల్చి, యాసిడ్లలో ముంచి రాగీ బంగారం తీసేవాళ్ళ ఊపిరితిత్తుల మీదుగా వచ్చిన చవక అది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. పాత సరుకు ఉచితం కావచ్చు, కానీ దాన్ని ముడిసరుకుగా మార్చడం ఉచితం కాదు. నిజానికి కొత్త సరుకుతో చేయడం కంటే ఇదే ఎక్కువ పని. కొత్త వెండి రేకు కొంటే అది 925 అని రాసే ఉంటుంది, మందం ఒకేలా ఉంటుంది. ఎస్టేట్ సేల్లో కొన్న చెంచా వెండిదా, వెండి పూతా? ముద్ర చూడాలి, అనుమానముంటే ఆకురాయితో గీసి పరీక్షించాలి. పాత గొలుసులో ఎవరో సీసంతో అతుకు వేసి ఉంటే దాన్ని పూర్తిగా తీసేయాలి, లేకపోతే వేడి తగలగానే మంచి వెండిని కూడా తినేస్తుంది. కరగబెట్టి కడ్డీ పోసి, సాగగొట్టి, మధ్య మధ్య కాల్చి మెత్తబరిచి, కమ్మచ్చులోంచి తీగ లాగాలి. ఫోర్డైట్ అయితే పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది కాబట్టి నీళ్ళు పోస్తూ కోయాలి, మాస్కు పెట్టుకోవాలి, ఆ తడి మడ్డిని ఎక్కడంటే అక్కడ పారబోయకూడదు. మూడో పొర దగ్గర పెచ్చు విరిగిందంటే అంతా వృథా. పాత కంప్యూటర్ బోర్డులతో లోలకులు చేయమని మా స్నేహితులు చాలామంది సలహా ఇచ్చారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ బోర్డుల్లో గాజుపీచు, సీసం ఉంటాయి, పిల్లలు తిరిగే ఇంటి గరాజులో అవి కోయనంది. ఆ 'వద్దు' అనడం కూడా పనితనంలో భాగమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్క చూద్దాం (లెక్కలంటే నాకు కొంచెం ధైర్యం). ఫోర్డైట్ బిళ్ళ, చుట్టూ వెండి గట్టు ఉన్న లాకెట్ ఒకటి 120 డాలర్లకి అమ్మిందనుకోండి. వెండి, గ్యాసు, సానకాగితాలు కలిపి 25. ఆన్‌లైన్‌లో అమ్మితే కమిషను, కార్డు రుసుము కలిపి సుమారు 12. డబ్బా, గుడ్డసంచీ 3. మిగిలింది 80. కోత, సాన రెండు గంటలు. గట్టు కట్టి, అతికి, బిగించి, మెరుగు పెట్టడానికి రెండున్నర. ఫొటోలు, వివరం రాయడం, ప్యాకింగు ఒక గంట. మొత్తం అయిదున్నర గంటలు. సొంత వ్యాపారం కాబట్టి యజమాని వాటా, ఉద్యోగి వాటా రెండూ మనమే కట్టే 15.3 శాతం పన్ను తీసేస్తే చేతికి 69 డాలర్లు. గంటకి పన్నెండున్నర. మిషిగన్‌లో కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 13.73. చెంచాల వేటలో తిరిగిన శనివారాలు, విరిగిపోయిన పెచ్చులు, ఒక్కటీ అమ్ముడుపోని సంతలు ఈ లెక్కలో లేవు.

అయినా మనవాళ్ళు అడిగేది: "లాస్ట్ ప్రైస్ ఎంతక్కా? ఇండియాలో ఇలాంటివి రెండొందలకి వస్తాయి కదా."

ఈ మాట అనేవాళ్ళలో సగం మంది నాలాంటి కన్సల్టెంట్లే కావడం నాకు విడ్డూరంగా ఉంటుంది. గంటకింత అని బిల్లు చేసి బతికేవాళ్ళం మనం. మధ్యలో ఇద్దరు వెండర్లు కోత కోస్తే, క్లయింటు ఇచ్చే రేటెంతో, మన చేతికొచ్చేదెంతో వీకెండ్ పార్టీల్లో వాపోయేవాళ్ళం. "కోడ్ అంటే టైపు చేయడమే కదా, దానికింత ఎందుకు?" అని ఏ క్లయింటైనా అంటే మనకి ఎంత మండుతుంది! 2022 ఏప్రిల్‌లో ఎట్సీ తన కమిషన్ని 5 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు వేలమంది చిన్న అమ్మకందార్లు వారం రోజులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. వెండర్ కోత తెలిసిన మనకి వాళ్ళ బాధ చప్పున అర్థం కావాలి. కానీ నగ దగ్గరికొచ్చేసరికి మనం క్లయింటు కంటే కఠినంగా మారిపోతాం.

ఇంకో చోద్యం. ఇదే మనుషులు ఇండియా వెళ్ళినప్పుడు ఏసీ షోరూములో కూల్ డ్రింకు తాగుతూ, తరుగు పేరుతో పది, పదిహేను శాతం కళ్ళు మూసుకుని కట్టేస్తారు. ఆ తరుగులో చేసిన మనిషికి ఎంత ముడుతుందో అడగరు. మా ఊళ్ళో ఆచారి దగ్గర మాత్రం "కొంచెం తగ్గించుకోప్పా" అని గంటసేపు వాదన. కంసాలిని నమ్మకూడదని సామెతలే కట్టుకున్నాం మనం. లోహాన్ని కాపలా కాశాం గానీ చేతిని గౌరవించలేదు. అచ్చుల్లో పోసిన నగలు, మెషిన్ నగలు వచ్చాక ఆ కుంపట్లలో చాలా వరకు ఆరిపోయాయి. వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు అమెరికాలో గరాజుల్లో అదే పనిని 'హ్యాండ్‌మేడ్' అని మెచ్చుకుంటున్నాం. మెచ్చుకోలు బాగానే ఉంది, మజూరీయే ఇంకా దొరకలేదు.

చేసేవాళ్ళకీ రెండు మాటలు చెప్పాలి. ఒకటి, చేత్తో చేశామని నోటికొచ్చిన ధర చెప్పే హక్కు రాదు. వెండి ఎక్కడిదో, పాతది ఎంతో, కొత్తగా కొన్నది ఎంతో నిజం చెప్పాలి. అతుకు వెండి, చెవి కొక్కేలు కొత్తవైతే కొత్తవనే చెప్పాలి. రెండోది కొంచెం చేదుగా ఉంటుంది. మనలాంటి ఇళ్ళల్లో భర్త జీతం, భర్త హెల్త్ ఇన్సూరెన్సు అండగా ఉంటాయి. ఆ ధీమాతో "సరుకు ఖర్చు వస్తే చాల్లెండి, హాబీనే కదా" అని నగలు అమ్మేస్తే, పక్క స్టాల్లో అదే పనితో అద్దె కట్టుకుంటున్న ఒంటరి మనిషి పొట్ట కొట్టినట్టే. ఇన్సూరెన్సు కూడా సొంతంగా కొనుక్కునే ఆ మనిషే అసలైన స్వతంత్ర కళాకారిణి. అందుకే మా ఇంట్లో ఒక నియమం: నా జీతం లేదనుకునే ధర కట్టాలి. అమ్ముడుపోకపోతే డిజైను మార్చాలి గానీ, గంటల్ని సున్నా చేయకూడదు.

కొనకూడదనుకుంటే కొనకండి, అందులో తప్పేం లేదు. కొనే ఉద్దేశం ఉంటే మాత్రం ఎన్ని గ్రాములని కాకుండా ఎన్ని గంటలు పట్టిందని అడిగి చూడండి. ఇంకా మంచి పని ఒకటుంది. మీ బీరువాలో నల్లబడిపోయిన పట్టీలు, చిన్నప్పటి వెండి మొలతాళ్ళు ఉంటాయి కదా? వాటిని ఇక్కడ మీ ఊళ్ళో సొంతంగా పనిచేసుకునే కళాకారుల దగ్గరికో, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఇంకా కుంపటి ఆరని ఆచారి దగ్గరికో పట్టుకెళ్ళి మీకు నచ్చింది చేయించుకోండి. వెండి ఎలాగూ మీదే. మీరు ఇవ్వాల్సింది మజూరీ ఒక్కటే. అది మాత్రం బేరమాడకుండా ఇచ్చి రండి.