ముందు నంబరు, తర్వాత పేరు, చివరికి రంగు



ఈ నెల మన పాఠం రైలింజన్ల గురించి. పద్యం కాదు, పండుగ కాదు, రైలింజన్లేమిటి అని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. చివరికి మన ఇంటి సంగతే వస్తుంది.

నేనుండే ఐసెలిన్‌కు వచ్చినవారికి రెండు చోట్లు తప్పకుండా తెలుస్తాయి. ఒకటి ఓక్ ట్రీ రోడ్డు. అక్కడ చీరల కొట్లు, మిఠాయి కొట్లు వరసగా ఉంటాయి. రెండోది మెట్రోపార్క్ స్టేషన్. అక్కడ ఆగేవన్నీ ప్రయాణికుల రైళ్లు. గూడ్సు బండి కథ కావాలంటే కొంచెం తూర్పుకు వెళ్లాలి. ఐసెలిన్ ఉన్న వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లోనే నీటి ఒడ్డున పోర్ట్ రెడింగ్ అనే ఊరుంది. రెడింగ్ అనేది ఒక రైల్వే కంపెనీ పేరు. బొగ్గును ఓడల్లోకి ఎక్కించడానికి ఆ కంపెనీ అక్కడ రేవు కట్టింది. 1976లో కంపెనీ తన రైళ్లను వదులుకుంది. ఊరికి మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక మాట నేర్చుకుందాం. విలీనం. అంటే ఒకటి మరొకదానిలో కలిసిపోవడం. ఉప్పు నీటిలో కలిసినట్టు. రైల్వే కంపెనీలు కూడా అలాగే కలిసిపోతాయి.

1968లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ అనే రెండు పెద్ద కంపెనీలు కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి. రెండేళ్లకే, 1970లో, అది దివాలా తీసింది. చుట్టుపక్కల కంపెనీల పరిస్థితి కూడా బాగా లేదు. అందుకని అమెరికా ప్రభుత్వం పెన్ సెంట్రల్‌ను, రెడింగ్‌ను, లీహై వ్యాలీని, సెంట్రల్ ఆఫ్ న్యూజెర్సీని, ఇంకా కొన్నింటిని కలిపి కాన్‌రైల్ అనే ఒకే కంపెనీ చేసింది. అది 1976 ఏప్రిల్ 1న మొదలైంది. దాని ఇంజన్లకు నీలం రంగు వేశారు. 1999 జూన్ 1న ఆ కాన్‌రైల్‌ను కూడా పంచుకున్నారు. నార్‌ఫోక్ సదరన్‌కు 58 శాతం, సీఎస్‌ఎక్స్‌కు 42 శాతం వాటా వచ్చింది. మన ఉత్తర న్యూజెర్సీ పట్టాలు మాత్రం ఇద్దరికీ ఉమ్మడిగా ఉండిపోయాయి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని, పెరట్లో బావిని ఉమ్మడిగా ఉంచుకున్నట్టు. ఆ ఉమ్మడి పట్టాల పని చూసే సంస్థకు ఇప్పటికీ కాన్‌రైల్ అనే పేరే.

పంపకం అయిపోయింది. మరి ఇంజన్ల మాటేమిటి?

ముందు మారేది నంబరు. కొత్త యజమాని దగ్గర అదే నంబరుతో ఇంకో ఇంజన్ ఉండవచ్చు. ఒకే కంపెనీలో రెండు ఇంజన్లకు ఒకే నంబరు ఉంటే ఏది ఎక్కడుందో తెలియదు. అందుకని డ్రైవరు కిటికీ కింద ఉన్న పాత నంబరు మీద ఒక ముక్క రంగు పూసి, దాని మీద కొత్త నంబరు రాస్తారు. దూరం నుంచి చూస్తే చొక్కాకు వేసిన అతుకులా కనిపిస్తుంది.

తర్వాత పోయేది పేరు. పక్కన పెద్ద అక్షరాలతో ఉన్న కాన్‌రైల్ పేరును చెరిపేస్తారు, లేదా దాని మీద రంగు పూస్తారు. ఒక్కోసారి ఆ పూత పలచబడి కింది అక్షరాలు మళ్లీ కనబడతాయి.

రంగు చివరికి మారుతుంది. పూర్తిగా రంగు వేయాలంటే ఇంజన్‌ను పనిలోంచి తప్పించి షాపులో పెట్టాలి. పని చేయని రోజు ఇంజన్ డబ్బు సంపాదించదు. అందుకని పెద్ద మరమ్మతు వచ్చేదాకా ఆగుతారు. నార్‌ఫోక్ సదరన్ నలుపు వేసింది, సీఎస్‌ఎక్స్ నీలం, పసుపు వేసింది. కొన్ని ఇంజన్లు మాత్రం పదేళ్లు దాటినా కాన్‌రైల్ నీలంతోనే బరువులు లాగాయి.

అన్నింటికీ కొత్త రంగు దక్కదు. ఏ రకం ఇంజన్లు కంపెనీ దగ్గర కొద్దిగానే ఉన్నాయో, వేటి విడిభాగాలు దొరకడం కష్టమో, వాటిని ముందు తప్పిస్తారు. వాటిలో కొన్ని చిన్న కంపెనీలకు అమ్ముడవుతాయి. కొన్నింటిని విప్పి, పనికొచ్చే భాగాలను వేరే ఇంజన్లకు పెడతారు. మిగిలినవి పాత ఇనుము కిందికి పోతాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం.

మా ముత్తాత నేటాల్ ప్రభుత్వ రైల్వేలో పట్టాల మీద పనిచేశాడు. ఒప్పందం మీద ఓడెక్కి వెళ్లినవాడు. మీలో చాలామంది పెద్దలు కూడా అలాగే వెళ్లి ఉంటారు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా నేటాల్‌కు వెళ్లారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ముందు నంబరు. తర్వాత పేరు మారింది. గుమాస్తాకు ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. నాయుడు కాస్తా నైడూ అయింది. చివరికి, ఒకటి రెండు తరాల తర్వాత, చాలా ఇళ్లలో భాష పోయింది. రంగు పోయినట్టు, నెమ్మదిగా.

ఆ రైల్వేకూ అదే జరిగింది. 1910లో దక్షిణాఫ్రికా ఒకే దేశమయ్యాక నేటాల్, కేప్, సెంట్రల్ సౌత్ ఆఫ్రికన్ రైల్వేలు విలీనమయ్యాయి. 1912లో ఇంజన్లన్నింటికీ కొత్త నంబర్లు వేశారు. కాలం చెల్లిందనుకున్న ఇంజన్లకు కొత్త నంబరు కూడా ఇవ్వలేదు. పాత నంబరు ముందు ఒక సున్నా చేర్చారు. అంతే. ఆ సున్నాకు అర్థం, ఇక నీ అవసరం తీరింది అని. అయినా ఆ సున్నా ఇంజన్లలో కొన్ని వెంటనే పోలేదు. ఇంకొంతకాలం పని చేశాయి.

నేను తెలుగు ఇంట్లో నేర్చుకోలేదు. డర్బన్ దగ్గర గుడిలో, ఆదివారం తరగతిలో, పలక మీద నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక పెద్దమనిషి నా మాట విని నవ్వి, "మీది పైపూత తెలుగండీ" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. కానీ ఆ మాట చాలా కాలం గుచ్చుకుంది.

మొన్న మా తరగతిలో పిల్లలకు ఒక ఫొటో చూపించాను. 2012లో నార్‌ఫోక్ సదరన్ ఇరవై కొత్త ఇంజన్లకు తనలో కలిసిపోయిన పాత కంపెనీల రంగులు వేయించింది. వాటిలో రెడింగ్ ఉంది, లీహై వ్యాలీ ఉంది, సెంట్రల్ ఆఫ్ న్యూజెర్సీ ఉంది, కాన్‌రైల్ కూడా ఉంది. 2023లో సీఎస్‌ఎక్స్ కూడా ఇలాంటి పని మొదలుపెట్టింది. తన కాన్‌రైల్ రంగు ఇంజన్‌కు 1976 అని నంబరు పెట్టింది. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు.

ఫొటో చూసి ఒక అమ్మాయి అడిగింది. "మాస్టారూ, ఇది అసలు రెడింగ్ ఇంజన్ కాదు కదా? కొత్త ఇంజన్‌కు పాత రంగు వేశారు, అంతే కదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పెద్దమనిషి మాటే గుర్తొచ్చింది.

తర్వాత చెప్పాను. "నిజమేనమ్మా. అది అసలు రెడింగ్ ఇంజన్ కాదు. కానీ దాన్ని మ్యూజియంలో పెట్టలేదు చూడు. మిగతా ఇంజన్లతో పాటు రోజూ బరువు లాగుతుంది. వానలో తడుస్తుంది, మసి పడుతుంది. అది లాగే బరువు మాత్రం అసలుదే."

ఆ అమ్మాయికి ఈ జవాబు నచ్చిందో లేదో చెప్పలేదు. నాకు మాత్రం అది పనికొచ్చింది.

పాఠకులారా, మనం మాట్లాడే తెలుగు మన ముత్తాతల తెలుగు కాదు. అది మధ్యలో ఆగిపోయింది. దాన్ని తిరిగి తెచ్చామని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మనది కొత్త ఇంజన్, పాత రంగు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఉగాది రోజు మాత్రమే బయటికి తీసి, ఫొటో దిగి, మళ్లీ షెడ్డులో పెడితే అది నిజంగా పైపూతే. దానితో బరువు లాగించాలి. అత్తయ్యకు ఫోన్ చేసి ఆరోగ్యం అడగాలి. కొట్లో వంకాయల ధర అడగాలి. తప్పు మాట్లాడాలి, దిద్దించుకోవాలి.

ఇంకొక్క సంగతి. ఎన్ని చేతులు మారినా, ఎన్ని రంగులు పడినా, ఇంజన్ మీద ఒక చిన్న లోహపు ఫలకం ఉంటుంది. ఎవరు చేశారు, ఏ సంవత్సరం చేశారు అని దాని మీద ఉంటుంది. విలీనంతో అది మారదు. మన పెద్దల ఓడ జాబితా అలాంటిదే. పేరు తప్పుగా ఉండవచ్చు, కానీ తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా అందులో రాసి ఉంటాయి.

ఈ నెల ఇంటిపని: మీ ఇంట్లో ఉన్న అందరికన్నా పెద్దవారిని మూడు ప్రశ్నలు అడగండి. మన పేరు మొదట ఎలా ఉండేది? ఎప్పుడు మారింది? ఊరు ఏది? జవాబులు తెలుగులో రాయండి. "తెలియదు" అని వచ్చినా సరే, దాన్ని కూడా తెలుగులోనే రాయండి.

ఈ నెల మాటలు: విలీనం, అతుకు, పూత, ఉమ్మడి, ఫలకం.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం.